ఆత్మీయ సమ్మేళనంలో గంటన్నర పదో తరగతి పిల్లలకు ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి వచ్చిందంటే మీ జిల్లా పేజీల్లో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల ఫొటోలు వరుస కడతాయి. దసరా, సంక్రాంతి సెలవుల్లోనూ అంతే. పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ, మానుకోట, ఏ ఊరి వార్త చూసినా ఫలానా ఉన్నత పాఠశాల పదో తరగతి బ్యాచ్ వాళ్లు పాతికేండ్లకు కలుసుకున్నారనీ, గురువులను సన్మానించుకున్నారనీ, బడి ముచ్చట్లు యాది చేసుకున్నారనీ ఉంటుంది. మంచి సంబురమది. దాన్ని తక్కువ చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఒక్క రోజు ఆ ఆవరణలో పోగయ్యే అనుభవమంతా షామియానా విప్పే వేళకు ఎవరికీ అందకుండా పోతోందన్నదే నా బాధ. అదే బడిలో ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లల కోసం గంటన్నర తీసిపెట్టండని పూర్వ విద్యార్థులందరినీ మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఎలా తీసిపెట్టాలో, ఎక్కడెక్కడ చెడుతుందో కూడా రాస్తున్నాను.

ఒక ఊరి బ్యాచ్‌లో ఏ కొలువువాళ్లు ఉండరు? కరెంటు లైన్‌మన్, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, భూపాలపల్లి గనిలో సింగరేణి కార్మికుడు, కాజీపేట లోకోషెడ్‌లో టెక్నీషియన్, ఆర్టీసీ కండక్టర్, ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం గుమాస్తా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, దుబాయి పోయొచ్చిన వెల్డర్, ఊళ్లోనే మిర్చి, పత్తి వేసే రైతు, ఇంట్లో కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతున్న ఆడబిడ్డ. అందరూ అవే బెంచీల మీద కూర్చుని, అవే పాఠాలు చదివినవాళ్లు. ఇప్పటి పిల్లలకు ఇంతకంటే నమ్మదగ్గ సాక్ష్యం వేరే దొరకదు. కానీ వాళ్ల చెవిన పడుతున్నది వేరు. పరీక్షలు ఇంకా మూడు నెలలుండగానే ఇంటర్ కాలేజీల తరఫున పిల్లలను చేర్పించే పీఆర్వోలు ఇండ్ల మీదికి వస్తారు. సీటు ఇప్పుడే పెట్టుకుంటే ఫీజులో రాయితీ అంటారు, తల్లిదండ్రుల దగ్గర అడ్వాన్సు కట్టించుకుంటారు. ఆ మాటల్లో ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో దారి ఉండదు. ఐటీఐ అన్నా, పాలిటెక్నిక్ అన్నా, వొకేషనల్ అన్నా మార్కులు రాని పిల్లలకు అని తేల్చేస్తారు.

మొదటి చిక్కు రోజుతోనే వస్తుంది. సమ్మేళనాలు ఎక్కువగా మే నెల ఆదివారాల్లో పెట్టుకుంటారు. అప్పటికి పదో తరగతి పరీక్షలు అయిపోయి పిల్లలు బడి విడిచి ఉంటారు. మామూలు రోజుల్లోనైనా ఆదివారం రమ్మంటే వచ్చేది కొందరే, అదీ బడి పక్కన ఇండ్లున్నవాళ్లే. ఊళ్ల నుంచి బస్సులో వచ్చే పిల్లలు రారు. కాబట్టి దసరా దాటాక, నవంబరు, డిసెంబరుల్లో ఒక శనివారం మధ్యాహ్నం మంచిది. రెండో శనివారం బడికి సెలవు, అది వద్దు. బడిలో జరిగే ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల వారం కూడా వద్దు. ఆదివారం సమ్మేళనం పెట్టుకుంటే దూరం నుంచి వచ్చేవాళ్లు ఎట్లాగూ శనివారమే ఊరు చేరుతారు. మే నెలలోనే కలవాలని అనుకున్న బ్యాచ్‌లైతే ఊళ్లో ఉన్న పది మందితో ఈ ముచ్చట ముందే కానిచ్చుకోవచ్చు, అందరూ ఉండాలని లేదు. ప్రధానోపాధ్యాయుడికి రెండు వారాల ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎవరెవరు వస్తారు, ఏం పని చేస్తారు, ఎంతసేపు అన్నది అందులో ఉండాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కూడా ఒక మాట చెబితే తల్లులకు తెలుస్తుంది, కొందరు వచ్చి వెనక కూర్చుంటారు. వాళ్లు వినడం పిల్లలు వినడమంత అవసరం, ఎందుకంటే జూన్‌లో నిర్ణయం ఇంట్లో జరుగుతుంది.

నవంబరు అనడానికి ఇంకో కారణం ఉంది. పదో తరగతి పరీక్ష ఫీజుతో పాటు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు పోయే కాలం అది. మార్కుల మెమో మీద అచ్చయ్యే పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అన్నీ ఆ రోల్ నుంచే వస్తాయి. ఆధార్‌లో ఒక రకంగా, బడి రిజిస్టర్‌లో ఇంకో రకంగా ఉంటే సరిచేసుకోవడానికి అదే అదను. ఒక్క అక్షరం తేడా వల్ల పాస్‌పోర్టు దగ్గర, బ్యాంకు ఖాతా దగ్గర, కొలువు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో ఏండ్ల తరబడి తిరిగినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్లలో ఒకరు తమ మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, పిల్లలు ఆ సాయంత్రమే ఇంటికి పోయి తమవి చూసుకుంటారు.

ఇక జరిపే తీరు. వేదిక వద్దు, మైకు వద్దు, శాలువాలు వద్దు. వేదిక ఎక్కితే మంచి మనిషైనా ఉపన్యాసం మొదలుపెడతాడు. కష్టపడితే సాధించలేనిది లేదు, మేమూ మీలాగే ఉండేవాళ్లం అని పది నిమిషాలు చెప్పి దిగిపోతాడు, పిల్లల చేతిలో ఏమీ మిగలదు. తరగతి గదుల్లోనో చెట్ల కిందనో ఆరు చోట్ల బెంచీలు గుండ్రంగా వేయండి, ఒక్కో చోటును ఒక బల్ల అనుకుందాం. అరవై మంది పిల్లలుంటే చోటుకు పది మంది. ఒక్కో చోట ఇద్దరు పూర్వ విద్యార్థులు కూర్చోవాలి, ఒకరు చెబుతుంటే ఇంకొకరు సమయం చూసుకోవాలి. పన్నెండు నిమిషాలకు ఒకసారి బడి గంట కొట్టాలి. గంట కొట్టగానే పిల్లలు లేచి పక్క చోటుకు పోవాలి, పెద్దలు కదలొద్దు. పన్నెండు నిమిషాల్లో పెద్దల మాట ఐదు దాటొద్దు, మిగతాది పిల్లల ప్రశ్నలకు. మారడానికి రెండేసి నిమిషాలు వేసుకున్నా గంటన్నర లోపల ప్రతి పిల్లా ఆరు చోట్లా కూర్చుని వస్తుంది. పది మందిలో చేయెత్తి అడగలేని పిల్లలు తప్పకుండా ఉంటారు. అందుకే ముందు రోజే తరగతిలో చీటీలు పంచి, పేరు రాయకుండా ప్రశ్న రాయమనాలి. ఆ చీటీల్లో వచ్చే ప్రశ్నలు వేరుగా ఉంటాయి: జీతం ఎంత, ఇంగ్లిష్ రాకపోతే ఎట్లా, అమ్మాయిలను రాత్రి డ్యూటీ వేస్తారా, ఫెయిలైతే ఏం చేయాలి.

చెప్పేవాళ్లు ముందుగా ఒక కాగితం నింపి తేవాలి. పొద్దున ఎన్నింటికి ఇల్లు విడుస్తారు, ఎన్నింటికి చేరుతారు? ఈ కొలువుకు ఏ చదువు, ఏ పరీక్ష, ఎన్నోసారికి వచ్చింది? మొదటి నెల చేతికి ఎంత వచ్చింది? ఒంట్లో ఏ భాగం అలసిపోతుంది, ఏ ప్రమాదం ఉంది? బడిలో చదివిన ఏ పాఠం రోజూ పనికొస్తుంది? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు రాస్తే ఉపన్యాసం దానంతటదే పోతుంది. జీతం గురించి చెప్పేటప్పుడు కంపెనీ కాగితం మీద రాసిన ఏడాది లెక్క చెప్పొద్దు, చేతికొచ్చేది చెప్పాలి. పదిహేను వేల జీతం అంటే అందులో పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,800, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద ముప్పావు శాతం, అంటే 113 రూపాయలు పోతాయి. గది అద్దె, బస్‌పాస్ తీసేస్తే ఏం మిగిలిందో నల్లబల్ల మీద వేసి చూపించాలి. పీఎఫ్ ఎక్కడికీ పోదని, ఈఎస్ఐ కార్డుతో ఇంట్లోవాళ్లకు వైద్యం దొరుకుతుందని కూడా అప్పుడే చెప్పాలి. లేకపోతే కోత లేని కొలువే మంచిదనుకుంటారు.

చేత్తో పట్టి చూపే వస్తువు ఒకటి తెస్తే ఇంకా మేలు. లైన్‌మన్ ఎర్త్ రాడ్, అంటే ఆపిన తీగలను భూమికి కలిపే కడ్డీ తెచ్చాడనుకోండి. పని మొదలుపెట్టే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామన్న అనుమతి) తీసుకోవాలి, రిజిస్టర్‌లో రాయించాలి. స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచాక కింద హ్యాండిల్ దిగింది కదా అని స్తంభం ఎక్కొద్దు, పైన మూడు బ్లేడ్లూ విడివడ్డాయో లేదో కంటితో చూడాలి. తుప్పు పట్టిన స్విచ్‌లో ఒక బ్లేడు అతుక్కుని ఉండిపోవడం మామూలే. ఆ తర్వాత ఎర్త్ రాడ్ కింది కొసను ముందుగా భూమికి బిగించి, ఆపై ఒక్కో ఫేజు తీగకు తగిలించాలి. తీసేటప్పుడు దీనికి తలకిందుగా, ఫేజులు ముందు, భూమి చివర. సరఫరా ఆపాక కూడా ఇదంతా ఎందుకంటే, దిగువన ఏ ఫంక్షన్ హాల్లోనో జనరేటర్‌ను లైను నుంచి విడదీసే సరైన చేంజ్‌ఓవర్ స్విచ్ లేకుండా నడుపుతుంటే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కుతుంది. కింద 415 వోల్టులు ఎక్కితే పైన 11 వేలవుతుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంతత్వం పాఠం మార్కుల కోసమేనని అనుకునే పిల్లవాడు ఆ రాడ్ పట్టుకున్నాక ఆ పాఠాన్ని ఇంకో తీరుగా చదువుతాడు. హనుమకొండ కేంద్రంగా ఉన్న మన ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్ కొలువుకు ఐటీఐతో పాటు స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుందని, ఎత్తు అంటే భయపడేవాళ్లు ముందే ఆలోచించుకోవాలని కూడా అతనే చెప్పాలి.

ల్యాబ్ టెక్నీషియన్ నాలుగు ఖాళీ ట్యూబులు తెస్తే చాలు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే మందు ఉంటుంది, రక్త కణాల లెక్కకు. బూడిద మూతది షుగర్‌కు, ఎరుపు మూతది సీరం పరీక్షలకు, లేత నీలం మూతది రక్తం గడ్డకట్టే సమయం చూడటానికి. ఊదా ట్యూబులో రక్తం పోశాక ఎనిమిది నుంచి పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. చేయకపోతే గడ్డలు కట్టి ప్లేట్‌లెట్ల లెక్క తక్కువ చూపిస్తుంది. డెంగీ కాలంలో అట్లాంటి తప్పు లెక్క ఒక ఇంటిని ఎంత భయపెడుతుందో ఊహించుకోండి. గట్టిగా ఊపితే కణాలు పగిలి నమూనా పాడవుతుంది. నీలం ట్యూబు గీత వరకు నిండాల్సిందే. అందులో మందు ఒక పాలుంటే రక్తం తొమ్మిది పాళ్లు ఉండాలి, తక్కువ పోస్తే ఫలితం తప్పు వస్తుంది. రసాయనశాస్త్రంలో పాళ్లు, నిష్పత్తులు ఎందుకని అడిగే పిల్లకు ఇదే జవాబు. ఈ కొలువుకు ఇంటర్ వొకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) కోర్సు ఉందని, రెండేండ్ల చదువు తర్వాత ఆసుపత్రిలో ఏడాది శిక్షణ పూర్తి చేసి పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకుంటేనే పనికొస్తుందని చెప్పాలి. శిక్షణ లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే పెట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. వొకేషనల్ చదివినా బ్రిడ్జి కోర్సు పేపర్లు రాసుకుంటే పై చదువులకు దారి మూసుకుపోదు.

రైతును కూడా తప్పకుండా కూర్చోబెట్టాలి, అదీ లెక్కల బల్ల దగ్గర. 2024-25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ 8 శాతం తేమ వరకు పూర్తి ధర ఇచ్చింది, ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోసి, 12 శాతం దాటితే కొనలేదు. శాతానికి 75 రూపాయల 21 పైసలు. 12 శాతం తేమతో పోయిన రైతుకు వచ్చింది 7,220 రూపాయల 16 పైసలు. ఇరవై క్వింటాళ్ల మీద ఆరు వేల రూపాయలకు పైగా పోయినట్టే. రెండు రోజులు ఎండబెడితే మిగిలే డబ్బు అది. శాతాల అధ్యాయం ఈ లెక్కతో చెబితే ఏ పిల్లవాడికీ మరుపు రాదు. కొలువు రాకపోతే వ్యవసాయమే గతి అని పిల్లల ముందు అనే పెద్దలు ఆ రైతు ముందు ఆ మాట అనలేరు.

పదో తరగతి తర్వాతి దారులు నడిచినవాళ్లే చెప్పాలి. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలిసెట్‌లో ఇంజినీరింగ్ డిప్లొమాలకు 120 మార్కులు, అందులో గణితం 60, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30, అంతా పదో తరగతి సిలబసే. కాబట్టి వార్షిక పరీక్షకు బాగా చదివిన పిల్లకు వేరే కోచింగ్ అక్కర్లేదు, పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేస్తే సరిపోతుంది. ఐటీఐకి ప్రవేశపరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేండ్లు, వెల్డర్ ఏడాది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, కొత్త యంత్రాలు, కొత్త కోర్సులు వస్తున్నాయి. పాత ఐటీఐని గుర్తుపెట్టుకుని చెప్పేవాళ్లు ఒకసారి ఇప్పటి షెడ్ చూసి రావాలి. ఐటీఐ చేస్తే చదువు అక్కడితో ఆగుతుందన్నది పూర్తిగా తప్పు. ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ మెట్లు ఎక్కిన ఒక్కరు బ్యాచ్‌లో ఉన్నా వాళ్లకు ఒక బల్ల ఇచ్చెయ్యండి.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్ (పనిచోట శిక్షణ) చేయకపోవడం మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు. రైల్వేలో యాక్ట్ అప్రెంటిస్‌లకు, అంటే అప్రెంటిస్ చట్టం కింద శిక్షణకు చేరేవాళ్లకు, రాతపరీక్ష ఉండదు. పదో తరగతి మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం కలిపి సగటు తీసి మెరిట్ వేస్తారు, పదో తరగతిలో కనీసం 50 శాతం ఉండాలి. అంటే ఈ మార్చిలో రాసే పరీక్ష మార్కులు మూడేండ్ల తర్వాత లెక్కకొస్తాయి. రైల్వేలో ఆ శిక్షణ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (మొదటి మెట్టు) కొలువుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. కాజీపేటలో జంక్షనుంది, షెడ్డుంది, 2023 జులైలో అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. అటు గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక నేత పనివాళ్లు సూరత్, భివండీ పోయిన ప్రాంతం మనది. మళ్లీ ఇక్కడే యంత్రాలు తిరుగుతున్నప్పుడు వాటి మీద పనిచేసే నైపుణ్యం మన పిల్లల చేతుల్లో ఉండాలి.

గల్ఫ్ ముచ్చట దాచొద్దు. జగిత్యాల, సిరిసిల్ల వైపు బడుల్లోనైతే అదే పెద్ద బల్ల కావాలి. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరం అన్న) ముద్ర పడదు. ఫెయిలైతే పడుతుంది, అప్పుడు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాల్సిందే. ఎట్లాగూ దుబాయి పోయేవాణ్ని నాకు పదో తరగతి ఎందుకని బడి మానేసే పిల్లవాడికి ఈ ఒక్క సంగతి తెలిస్తే పరీక్ష రాస్తాడు. విజిట్ వీసా మీద పనికి పోతే జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కుండదని పోయొచ్చినవాళ్లు చెబితేనే నమ్ముతారు.

పోలీసు కొలువు గురించి ప్రతి బడిలో అడుగుతారు. కానిస్టేబుల్ బల్ల దగ్గర ఒక టేపు, ఒక స్టాప్‌వాచ్ ఉంటే మంచిది. 2022 నియామకాల్లో జనరల్, బీసీ, ఎస్సీ మగపిల్లలకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు అడిగారు, 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తమన్నారు. ఆడపిల్లలకు 152.5 సెంటీమీటర్లు, 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. నోటిఫికేషన్ పడ్డాక పరుగు మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా మోకాళ్లు పట్టేసి వెనుదిరుగుతారు. పరుగు ఇప్పుడే, బడి మైదానంలోనే మొదలుపెట్టాలి.

కాగితాల బల్ల ఒకటి తప్పనిసరి, దానికి అనుభవం ఉన్న మీసేవ నిర్వాహకుడో, కొలువు తెచ్చుకున్న కొత్త ఉద్యోగో దొరికితే ఇంకేం కావాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నేరుగా భర్తీ చేసే కొలువుల్లో 95 శాతం స్థానికులకే, జిల్లా, జోన్ (కొన్ని జిల్లాల గుంపు) వారీగా. స్థానికత చూసేది 1 నుంచి 7 తరగతులు ఎక్కడ చదివారని, అందులో కనీసం నాలుగేండ్లు ఎక్కడైతే అక్కడ. ఈ సంగతి పిల్లలకు కాదు కదా, చాలామంది టీచర్లకే తట్టదు. ములుగు, భూపాలపల్లి జిల్లాలు కాళేశ్వరం జోన్‌లో ఉన్నాయి, హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో, జనగామ యాదాద్రి జోన్‌లో. ములుగు పిల్ల హనుమకొండ హాస్టల్లో ఉండి రెండో తరగతి నుంచి ఏడు దాకా చదివితే ఆమె స్థానికత హనుమకొండది. ఒకప్పుడు అంతా ఒక్క వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో చీలింది, ములుగు 2019లో వేరైంది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. అందుకని బోనఫైడ్ (ఆ బడిలో చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్) తీసుకునేటప్పుడు బడి ఇప్పుడు ఏ మండలం, ఏ జిల్లాలో ఉందో అట్లాగే రాయించుకోవాలి. చిన్న ప్రైవేటు బడులు మూతపడుతుంటాయి, మూతపడ్డాక రిజిస్టర్ కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు చుట్టూ తిరగాలి. పదో తరగతిలో ఉన్నప్పుడే ఒకటి నుంచి ఏడు వరకు బోనఫైడ్‌లు తెచ్చి ఒక ఫైల్‌లో పెట్టుకోవడం సగం రోజు పని. పాలిసెట్ కౌన్సెలింగ్‌కు నాలుగు నుంచి పది వరకు అడుగుతారు, అది వేరు. ఆదాయ సర్టిఫికెట్ మాత్రం ముందే తీసి లాభం లేదు, గడువు తీరిపోతుంది, ప్రవేశాల ముందు తీసుకోవాలి.

కార్యక్రమం చెడేది ఎక్కువగా మనుషుల ఎంపికలో. పెద్ద జీతం, పెద్ద కారు ఉన్నవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, మెకానిక్‌ను, హమాలీని వంటల దగ్గర పనులకు పంపుతారు. పిల్లలు అది చూస్తారు, ఏ పనికి ఎంత మర్యాదో అక్కడే నేర్చుకుంటారు. ఆరు బల్లల్లో రెండు బల్లలైనా ఆడవాళ్లవి కావాలి. పెండ్లయి ఇంటిపేరు మారి, ఊరు మారి, ఆడపిల్లలు బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఉండరు. వాళ్లను వెతకడానికి మహిళా సంఘాలను మించిన దారి లేదు. పొద్దు గూకేలోపు బస్సు అందేట్టు సమయం పెట్టాలి, పిల్లలను వెంట తెచ్చుకోమని ముందే చెప్పాలి. పదో తరగతి తప్పి, సప్లిమెంటరీలోనో ఓపెన్ స్కూల్లోనో పాసై నిలదొక్కుకున్న మనిషి ఒక్కరైనా కూర్చోవాలి. చీటీల్లో ఫెయిలైతే ఏం చేయాలని అడిగిన పిల్లలకు జవాబు చెప్పగలిగేది ఆ ఒక్కరే. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు నడిపే పూర్వ విద్యార్థులుంటే రానివ్వండి, కానీ కరపత్రాలు పంచొద్దు, పిల్లల ఫోన్ నంబర్లు రాసుకోవద్దు. నంబర్లు ప్రధానోపాధ్యాయుడి దగ్గర రిజిస్టర్‌లో ఉంటే చాలు, అవసరమైన పిల్లలే ఫోన్ చేస్తారు. ఫలితాలు వచ్చిన వారం ఒక సాయంత్రం అవే బల్లలవాళ్లు ఫోన్ దగ్గర ఉంటామని మాటివ్వాలి. వెబ్ ఆప్షన్లలో కాలేజీల వరుస తప్పు పెట్టుకునేది ఆ రోజుల్లోనే.

మరి బడి జ్ఞాపకాలో అంటారా, అవి ఈ గంటన్నరకు అడ్డం కావు, అసలు వాటితోనే మొదలుపెట్టాలి. ప్రతి బల్ల దగ్గరా ముందు ఒక్క జ్ఞాపకం చెప్పమనండి, అయితే అది ఇప్పటి పనికి ముడిపడిందై ఉండాలి. ఆగస్టు పదిహేనున మైకు చెడిపోతే తీగలు కలిపి బాగుచేసిన పిల్లవాడే ఎలక్ట్రీషియన్ అయ్యుంటాడు. తరగతి లీడర్‌గా హాజరుపట్టీ ఒక్క కొట్టివేత లేకుండా రాసిన పిల్ల ఇవాళ బ్యాంకులోనో ఆసుపత్రి రికార్డుల గదిలోనో ఉంటుంది. కబడ్డీ జట్టును జోన్ పోటీలకు తీసుకుపోయి, అందరి బస్సు చార్జీలు లెక్క చెప్పినవాడు ఇప్పుడు పదిమంది కూలీలతో కాంట్రాక్టు నడుపుతుంటాడు. లెక్కల సారు బోర్డు మీద తప్పు వేస్తే నిలబడి చెప్పిన పిల్లను సారు మెచ్చుకున్న సంగతి బ్యాచ్ మొత్తానికి గుర్తుంటుంది. మార్కుల మెమోలో కనపడని ఈ గుణాలను చూసి పిల్లవాడి దారి తేల్చాలి. పదేండ్లు ఆ పిల్లల మధ్య ఉన్న టీచర్లకు అవి తెలుసు. సన్మానం చేసి కూర్చోబెట్టే రిటైర్డ్ సార్లను కూడా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి, శాలువా కంటే వాళ్లకు అది ఎక్కువ సంతోషం.

ఖర్చు సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: చీటీలకు, జిరాక్సులకు, పిల్లలకు అటుకులు, చాయ్‌కి కలిపి సమ్మేళనంలో ఒక పూట భోజనాల ఖర్చులో చిన్న వాటా కూడా కాదు.

చివరగా సంపాదకులకు ఒక విన్నపం. సమ్మేళనాల వార్తలు పంపే విలేకరులకు ఒక సూచన ఇవ్వండి. ఎవరెవరు పాల్గొన్నారని పేర్ల వరుస రాసేటప్పుడు, ఇప్పటి పదో తరగతి పిల్లలతో ఏమైనా జరిపారా, ఏ ఏ పనులవాళ్లు కూర్చున్నారు, పిల్లలు అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఏమిటి అని అడిగి రెండు వాక్యాలు చేర్చమనండి. పక్క ఊరి బ్యాచ్ అది చదువుతుంది. నవంబరు వరకు సమయం ఉంది, ఇప్పటి నుంచి ప్రధానోపాధ్యాయులకు ఉత్తరాలు అందడం మొదలైతే ఈ ఏడాది పిల్లలకే అందుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
హనుమకొండ